ఊ కొట్టే పెట్టె

తవుడమ్మ ఎవరినీ నమ్మే మనిషి కాదు. చౌకగా ఇస్తానన్న చేపల మనిషిని అసలే నమ్మదు. రెండేళ్ళుగా తన ఊరు రేగివలస వైపు కన్నెత్తి చూడని గవర్నమెంటు, ఒక మధ్యాహ్నం జీపేసుకుని గుమ్మం ముందుకొచ్చి "అమ్మా, మీ కథ వింటాం, బియ్యమిస్తాం" అంటే నమ్ముతుందా?

గాలిచీడ మొదలై అప్పటికి రెండేళ్ళు. డాక్టర్లు ఆ జబ్బుకి నోరు తిరగని పేరేదో పెట్టారు గానీ, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గాలిచీడ అనే అంటారు. ఊపిరితిత్తుల్లో సడి లేకుండా దిగుతుంది. తొమ్మిది రోజులు మనిషికి ఏమీ తెలియదు. ఆ తర్వాత దగ్గు మొదలైతే మూడు రోజుల్లో తేల్చేస్తుంది. అమ్మవారి సంబరాలు ఆగిపోయాయి, జాతరలు ఆగిపోయాయి, పదిమంది ఒకచోట చేరితే పోలీసులొచ్చేవారు. పదిమంది చేరకపోతే జముకుల కథ ఎవరికి చెప్పాలి? తవుడమ్మ చెల్లెలు సూరీడమ్మ తమ తీగవాద్యం జముకుని పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేసింది. అక్కాచెల్లెళ్ళు జీడిపిక్కలు కొట్టే పనికి కుదిరారు. కొన్నాళ్ళకి అదీ మూతపడింది. ఇద్దరే మనుషులు, ఒకే గది, ఒకే కుండ.

అలాంటప్పుడు వచ్చింది ఆ జీపు. అందులోంచి తల నుంచి కాలి దాకా తెల్లటి తొడుగు తొడుక్కున్న ఒక అమ్మాయి దిగింది. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. పేరు ప్రవల్లిక అని, కళాశ్రవణ మండలి నుంచి వచ్చానని, కరువు రోజుల్లో కళాకారుల్ని ఆదుకోవడానికి ప్రభుత్వం కొత్తగా పెట్టిన సంస్థ అదని చెప్పింది. బియ్యం కొలిచే కుంచమంత నల్లటి పెట్టెనొకటి తెచ్చి గూట్లో పెట్టింది.

"దీని పేరు శ్రోత. రోజుకో గంట దీనికి కథ చెప్పాలమ్మా. రోజూ అదే కథ చెప్పండి. నెలనెలా భృతి వస్తుంది, వారం వారం బియ్యం బండి వస్తుంది. వాద్యం మాత్రం వద్దు."

"జముకు నేకుండా జముకుల కథేటి పిల్లా? ఉప్పు నేకుండా పప్పు తినమన్నట్టుంది."

"గొంతు స్పష్టంగా వినపడాలమ్మా, అంతే."

"ఎవలు ఇంటారు?"

"కేంద్రంలో వింటారు. మీ కథ మరుగున పడకుండా దాచి ఉంచుతారు."

"దాచుకుని ఏటి సేసుకుంటారు? పండక్కి వండుకుంటారా?"

ఆ అమ్మాయి కళ్ళు నవ్వాయి. చెయ్యి మాత్రం ఎడమ జేబు మీదికి వెళ్ళి, లోపల ఏదో ఉందో లేదో చూసుకుని తిరిగొచ్చింది. తవుడమ్మ ఆ చెయ్యిని కనిపెట్టింది. మాట్లాడినంతసేపట్లో ఆ చెయ్యి నాలుగుసార్లు ఆ జేబు దగ్గరికి పోయింది. ఇంకో పెట్టేదో అందులో ఉందనుకుంది. మనం మాట్లాడేవన్నీ దొంగతనంగా పట్టుకుంటోందనుకుంది.

తర్వాత ఆ అమ్మాయి ఫారం తీసింది. "ప్రధాన కళాకారిణి" అని ఒకే గడి ఉంది అందులో. తవుడమ్మ పేరు రాసింది.

"మరి మా సూరీడు పేరు?"

"వంతకి గడి లేదమ్మా. రూల్సు ప్రకారం జట్టుకి ఒకరే. పెట్టెకి కూడా ఒకే గొంతు వినపడాలి. వేరే గొంతు వినిపిస్తే నమోదు రద్దైపోతుంది."

సూరీడమ్మ నోట్లో నాలుక లేని మనిషి. కథ చెప్పేటప్పుడు మాత్రం వంద నాలుకలు.

జీపు వెళ్ళిపోయాక తవుడమ్మ పెట్టె వంకే చూస్తూ కూర్చుంది. "ఒకే గొంతు గావాలంట. ఇస్తాను. ఒకే గొంతు ఇస్తాను. అది మన ఇద్దరిదీను" అంది.

ఆ మాట అనగలిగింది కాబట్టే తవుడమ్మ తవుడమ్మ అయింది. కథ చెప్పేవాళ్ళకి ఊపిరి ఎక్కడో ఒకచోట అయిపోతుంది. అది వినేవాళ్ళకి తెలియకూడదు. చెప్పే మనిషి ఆఖరి మాటని సాగదీస్తూ కనుబొమ్మ ఎగరేస్తే, వంత ఆ సాగదీతలోనే దూరి, అదే శ్రుతిలో, అదే గొంతుతో కథని లాక్కుపోతుంది. దాన్ని గొంతందుకోవడం అంటారు. ఇద్దరు చెప్పినా ఒకరే చెప్పినట్టుండాలి. అతుకు కనపడిందా, ఆ జట్టుని మళ్ళీ ఏడాది ఎవరూ పిలవరు. సూరీడమ్మకి పన్నెండేళ్ళప్పటి నుంచీ తవుడమ్మ ఆ అతుకు దాచడమే నేర్పింది. తప్పు పోయిన రోజున చింతబరికెలు కూడా విరిగాయి. ఇప్పుడు వాళ్ళ అతుకు తల్లికి కూడా పట్టుబడదు.

మర్నాడు పొద్దున్న మొదలుపెట్టారు. గవిరి కథ. పసిబిడ్డని తట్టలో పెట్టుకుని, తట్టని నెత్తిన పెట్టుకుని గవిరి వరదలో ఉన్న గెడ్డ, అంటే వాగు, దాటుతుంది. చీలమండ లోతు, మోకాటి లోతు, నడుం లోతు, పీకలోతు. చీలమండ తవుడమ్మది, మోకాలు సూరీడమ్మది, నడుం మళ్ళీ తవుడమ్మది, పీకలోతు సూరీడమ్మది. ముప్ఫై ఏళ్ళుగా అదే వరస.

"గట్టు దిగినాది గవిరి, గెడ్డ సూసినాది గవిరి..." అని తవుడమ్మ మొదటి వాక్యం విడిచిందో లేదో, గూట్లోంచి ఆడగొంతు మెత్తగా పలికింది.

"ఊఁ."

సూరీడమ్మ గంతేసి గోడకి అంటుకుపోయింది. "అప్పా! పెట్టిలో ఎవలో ఉన్నారు!" అని అక్కని పిలిచింది.

తవుడమ్మ పెట్టెని తిప్పి వెనక చూసింది, అడుగున చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ ఒక వాక్యం చెప్పింది. మళ్ళీ "ఊఁ" అంది. రెండేళ్ళ తర్వాత ఒకరు ఊ కొట్టేసరికి తవుడమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంగతి చెల్లెలికి తెలియకుండా మొహం తిప్పుకుంది.

రెండు వారాలు అలా గడిచాయి. బియ్యం బండి ఈల వేసుకుంటూ వచ్చేది. ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. సూరీడమ్మ గోడకి సున్నం కూడా వేసింది. మూడో వారంలో తవుడమ్మకి ఆ ఊ మీద అనుమానం మొదలైంది.

ఊ కొట్టడం కూడా ఒక విద్యే. దుఃఖం దగ్గర ఊ ఆలస్యంగా రావాలి. అపాయం దగ్గర, మాట పూర్తికాకముందే తోసుకు రావాలి. నవ్వు దగ్గర ఊ రాదు, నవ్వే వస్తుంది. ఈ పెట్టె మాత్రం బిడ్డ ఏడ్చినా ఊఁ, పాము పడగ విప్పినా అదే ఊఁ. పైగా మాట సగంలో ఉండగా ఒకచోట, మాట అయిపోయిన తర్వాత చాలాసేపటికి ఇంకోచోట. ఇదేం వినడం?

ఒకరోజు పరీక్ష పెట్టింది. గవిరిని గెడ్డ దగ్గరికి తీసుకెళ్ళకుండా సంతకి తీసుకెళ్ళింది. అక్కడ వంకాయలు కొనిపించింది. ఆ వంకాయల్లో ఒకదానికి ఎస్సైగారి కొడుకుతో పెళ్ళి చేసింది. సూరీడమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది.

"ఊఁ" అంది పెట్టె, ఎప్పటిలాగే.

"వంకాయకి పెళ్ళేటని అడగదేటే ఇది?" అంది తవుడమ్మ.

"ఊఁ."

మర్నాడు ఇంకో పరీక్ష. నీళ్ళు గవిరి మెడ దాకా వచ్చేదాకా తనే చెప్పి, తట్ట ఒరిగిందని చెప్పి, అక్కడ ఠక్కున ఆపేసింది. ఊపిరి కూడా బిగపట్టింది. మనిషన్నవాడు ఎవడైనా అక్కడ "తర్వాత?" అని అడగకుండా ఉండలేడు. పెట్టె అడగలేదు. ఊ అనలేదు. తవుడమ్మ కళ్ళు తేలేసేదాకా బిగపట్టి, ఇక తట్టుకోలేక గాలి పీల్చింది.

"ఊఁ" అంది పెట్టె.

తవుడమ్మ చాప మీద కూలబడింది. "ఇది కథ ఇనట్నేదు సూరీడూ. ఊపిరి ఇంటంది. గాలి లోపలికి పీలిస్తే ఊ అంటంది."

"ఊపిరితో ఏటి సేసుకుంటారప్పా?"

"అదే నాకూ తెల్దు. కథ దొంగిలిస్తారనుకున్నాను. కథైతే మళ్ళీ కట్టుకోవచ్చు."

బొడ్డపేటలో కూర్మయ్యదాసు అనే హరిదాసు ఉండేవాడు. తవుడమ్మకి ఆయన పాత స్నేహం. జాతరల్లో ఒకే అరుగు కోసం కొట్టుకున్న స్నేహం. ఆయనకీ పెట్టె ఇచ్చారు. సాయంత్రం ఫోన్లో ఇద్దరూ తమ తమ పెట్టెల్ని తిట్టుకునేవాళ్ళు. ఒక సోమవారం ఆయన ఫోన్లో హుషారుగా, "నా పెట్టి పట్టుకుపోనారు తవుడప్పా. రిపేరంట. బియ్యం మాత్రం ఆపరంట. కూకుని తినడమే" అన్నాడు.

మంగళవారం పొద్దున్నకల్లా బొడ్డపేట చుట్టూ ఇనప కంచె వేసేశారు. ఎవరూ బయటికి రావడానికి లేదు, లోపలికి పోవడానికి లేదు. ఊళ్ళో ఒక్కరికీ దగ్గు లేదు. "ఏటయిందని వేసినారో తెల్డం నేదు, ముందుజాగ్రత్తంట" అన్నాడు కూర్మయ్య. మరుసటి వారం ఆయన దగ్గాడు. ఆ దగ్గుని తవుడమ్మ ఫోన్లో విన్నది. ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాళ్ళు లేకపోయారు.

పది రోజులకి సీతవలస బుర్రకథ గవరయ్య పెట్టె రిపేరుకి వెళ్ళింది. మర్నాడే కంచె. రెండు వారాలు తిరక్కుండా గవరయ్యా వెళ్ళిపోయాడు.

తవుడమ్మ రెండూ రెండూ కలుపుకుంది. పెట్టె ముందు వెళ్తుంది, కంచె తర్వాత వస్తుంది, దగ్గు ఆ తర్వాత వస్తుంది. అంటే ఎవరికి దగ్గు రాబోతుందో వీళ్ళకి ముందే తెలుసు. తెలిసి చెప్పట్లేదు.

"మానేద్దాం అప్పా" అంది సూరీడమ్మ.

"మానేసి ఏటి తిందాం? గోడకేసిన సున్నమా?"

మానలేదు. కానీ ఆ రోజు నుంచి తవుడమ్మ గుమ్మంలోనే కూర్చుని కథ చెప్పేది, ఒక కన్ను రోడ్డు మీద వేసి. భయానికో, గొంతు పచ్చిపుండై పోయినందుకో, ఎక్కువ భాగం సూరీడమ్మకే వదిలేసేది. ఒక గురువారం కథ మధ్యలో బియ్యం బండి ఈల వేసింది. తవుడమ్మ కనుబొమ్మ ఎగరేసి, సంచి పట్టుకుని పరుగెత్తి, బియ్యం తెచ్చుకుని వచ్చి మళ్ళీ అందుకుంది. కథ ఎక్కడా తెగలేదు.

శనివారం జీపు వచ్చింది.

జీపు చప్పుడు వినగానే తవుడమ్మ గూట్లోంచి పెట్టె దింపి ఒళ్ళో పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ప్రవల్లిక దిగింది. డ్రైవరు లచ్చన్న జీపులోనే ఉండిపోయాడు.

"పెట్టెకి చిన్న రిపేరుందమ్మా. రెండు రోజుల్లో..."

"కూర్మయ్య పెట్టి రిపేరయిందా పిల్లా?"

ప్రవల్లిక చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గవరయ్య పెట్టో?" అంది తవుడమ్మ. "మా సెవిలో పువ్వులెట్టకు. ఇది కథ ఇనదు, ఊపిరి ఇంటది. నాను సూసినాను. ఇప్పుడు సెప్పు. నాను ఎన్ని రోజుల్లో పోతాను?"

వెనక సూరీడమ్మ చేతిలో చేట జారి నేల మీద పడింది.

ఆ అమ్మాయి కాసేపు జీపు వైపు చూసింది. తర్వాత మెట్టు మీద, అంత తెల్లటి తొడుగుతో, మట్టిలోనే కూర్చుంది. చాలా రోజులుగా ఎవరితోనో చెప్పుకోవాలని చూస్తున్న మనిషిలా గబగబా చెప్పింది. మామూలు మనుషులు రోజుకో రకంగా మాట్లాడతారు, వాళ్ళ ఊపిరిలో తేడా పట్టుకోలేం. కథ చెప్పేవాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా ఒకే వాక్యానికి ఒకే ఊపిరి వాడతారు. అది వెంట్రుకవాసి తగ్గినా పెట్టె పట్టేస్తుంది, దగ్గుకి తొమ్మిది రోజుల ముందే. ఆ జిల్లాలకి పరీక్ష సామాన్లు లేవు, కళాకారులు మాత్రం ప్రతి మండలంలోనూ ఉన్నారు. పెట్టె చెప్పగానే ఆ ఊరికి కంచె వేస్తారు. జబ్బు పక్క ఊళ్ళకి పోకుండా ఆగుతోంది. నిజంగానే ఆగుతోంది.

"మరి కూర్మయ్యకెందుకు సెప్పనేదు?"

"చెబితే భయపడి పారిపోతారు, జబ్బు పాకుతుంది అన్నారు. ఇంకోటి..." ఆ అమ్మాయి తల దించుకుంది. "పెట్టె చెప్పింది నిజమో కాదో తొమ్మిది రోజులు ఆగి చూడాలి. మధ్యలో మందిస్తే తెలియదు కదా అన్నారు."

"కళాకారుల్ని ఆదుకోడమంటే ఇదేనేటి" అంది తవుడమ్మ. అరవలేదు. అరిచే ఓపిక ఉంటే ప్రవల్లికకి తేలికగా ఉండేది.

"ఈ ఊ ఎవలిది?"

"నాదే. ఉట్టి పెట్టెకి చెబుతుంటే గోడకి చెప్పినట్టుందని మొదట్లో అందరూ మానేశారు. అందుకని నేనే పెట్టాను. కథ దానికి అర్థం కాదు. ఊపిరి పీల్చినప్పుడల్లా ఊ అనేలా కలిపాను."

"ఊ అక్కడా కొట్టడం? ఎవలు నేర్పినారు నీకు?"

"ఎవరూ నేర్పలేదమ్మా. నేను హాస్టల్లో పెరిగాను. నాకెవరూ కథలు చెప్పలేదు. ఊ ఎక్కడ కొట్టాలో నాకు తెలీదు."

తవుడమ్మ తిట్టడానికి తీసుకున్న ఊపిరి అలాగే ఉండిపోయింది.

ప్రవల్లిక చెయ్యి ఎడమ జేబులోకి వెళ్ళింది. ఈసారి ఖాళీగా తిరిగి రాలేదు. ఎనిమిది మాత్రల అట్ట ఒకటి బయటికి తీసి తవుడమ్మ ముందు పెట్టింది. "రోజుకి రెండు. లోపల పడ్డ నాలుగు రోజుల్లోపు మొదలుపెడితే ఈ మందు పనిచేస్తుంది. మీ ఊపిరి తగ్గింది మొన్న గురువారం. ఇంకా టైముంది. ఒక్క మనిషికే సరిపోతుంది, సగం సగం వేసుకుంటే ఎవరికీ పనిచెయ్యదు."

తవుడమ్మ అట్ట ముట్టుకోలేదు. ఒకటే మాట అడిగింది. "గురువారం ఏ సోట తగ్గింది?"

ఆ అమ్మాయి పలకలాంటి చిన్న యంత్రం తీసి, దాని మీద ఒక గీత చూపించింది. సాఫీగా పోతున్న గీత ఒకచోట చిన్నగా కుంగింది. అక్కడ నొక్కితే కథ వినిపించింది. 'నడుం లోతు వచ్చినాది గెడ్డ, నడుం వణికినాది గవిరికి...'

"నడుం లోతు" అంది సూరీడమ్మ వెంటనే. "నడుం లోతు ఎప్పుడూ నీదే అప్పా. మందు నీకే. ఏసుకో."

ప్రవల్లికకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పేసరికి ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "పెట్టెకి ఇద్దరు చెబుతున్నారా? ఇన్నాళ్ళూ? మాకు ఒకటే గొంతు..."

"ఒకటే గొంతు అడిగినారు, ఇచ్చినాం" అంది తవుడమ్మ. కానీ ఆవిడ చెవులు పలకకే అంటుకుని ఉన్నాయి. మళ్ళీ పెట్టమంది. మూడుసార్లు వింది. ఆ గొంతు తనదా, చెల్లెలిదా? తెలియట్లేదు. గురువారం బియ్యం బండి వచ్చింది. నడుం లోతు చెప్పి లేచిందా, చెప్పకుండానే లేచిందా? ముప్ఫై ఏళ్ళు రోజూ చెప్పిన కథలో ఒక్క గురువారాన్ని విడదీసి ఎలా గుర్తుపెట్టుకోవడం?

"సెప్పినాకే లేసినావు అప్పా. నాకు బాగా గుర్తు" అంది సూరీడమ్మ. ఆ మాట మరీ తొందరగా అంది. తవుడమ్మ చెల్లెలి మొహంలోకి చూసింది. నోట్లో నాలుక లేని మనిషికి ఇంత గట్టి గుర్తు ఎక్కడినుంచి వచ్చింది?

చింతబరికెలు విరగ్గొట్టి మరీ అతుకు దాచడం నేర్పింది తను. ఇప్పుడు ఆ అతుకు దొరికితేనే చెల్లెలు బతుకుతుంది, లేదా తను బతుకుతుంది. దొరకదు. తవుడమ్మకి జీవితంలో మొదటిసారి తన విద్య మీద తనకే కోపం వచ్చింది.

"మొదటినుంచీ పెట్టు పిల్లా. చీలమండ నుంచి."

పలక మొదలుపెట్టింది. తవుడమ్మ కళ్ళు మూసుకుంది. ఈసారి కథ వినలేదు. తమ గొంతులూ వినలేదు. ఊ ఒక్కటే వింది.

చీలమండ లోతు. ఊఁ. ఊఁ. ఊఁ. మోకాటి లోతు దగ్గరికి వచ్చేసరికి, ఊఁ-ఊఁ. రెండు ఊలు, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి.

"ఆపు! రెండుసార్లెందుకు అంది?"

ప్రవల్లిక పలక మీదికి వంగింది. "రెండు ఊపిర్లు పడ్డాయి. ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. ఎందుకో మాకూ తెలియలేదు, యంత్రంలో లోపమనుకున్నాం."

"లోపం కాదు. సూరీడు అందుకోడానికి గాలి పీల్చింది, నాను కథ దించుకుని పీల్చినాను." తవుడమ్మ పలక మీద వేలు పెట్టింది. "అతుకు. మనిషికి దొరకని అతుకు దానికి దొరికింది. పోనీ."

మోకాటి లోతు సాగింది. నడుం లోతు వచ్చింది. ముగ్గురూ ఊపిరి బిగపట్టారు.

"ఊఁ."

ఒక్కటే. అంటే తవుడమ్మ తిరిగి అందుకోలేదు, నడుం లోతు కూడా సూరీడమ్మే చెప్పింది. తవుడమ్మ అప్పటికే బియ్యం బండి దగ్గర ఉంది. రెండు ఊలు మళ్ళీ పీకలోతు దగ్గర, తవుడమ్మ తిరిగొచ్చి అందుకున్నచోట, వినిపించాయి.

సూరీడమ్మ గోడకి జారబడి, "నాకు తెలుసప్పా" అంది మెల్లగా. "ఆ నడుం లోతు కాడ ఊపిరి అందనేదు. ఎండకేమో అనుకున్నాను."

తవుడమ్మ లేచి, అట్టలోంచి ఒక మాత్ర తీసి, చెల్లెలి నోరు పసిపిల్ల నోరు తెరిచినట్టు తెరిచి వేసింది. మంచినీళ్ళు పట్టింది. మింగిందో లేదో నోరు తెరిపించి చూసింది. ఎవరినీ నమ్మే మనిషి కాదు కదా.

అప్పుడు ప్రవల్లిక వైపు తిరిగింది. "ఇది ఎవలి మందు?"

"మా సిబ్బందికి ఇస్తారు. మనిషికొకటి."

"మరి నీకో?"

"నాకు ఇంకోటి ఇస్తారు."

ఆ మాటకి ముందు ఆ అమ్మాయి తీసుకున్న ఊపిరి చాలా చిన్నది. ఊపిరి వినడం అప్పుడే నేర్చుకున్న తవుడమ్మకి అది వినపడింది. చేపల మనిషిని నమ్మని తవుడమ్మ, గవర్నమెంటుని నమ్మని తవుడమ్మ, ఆ ఒక్క మాటని నమ్మింది. నమ్మడం అవసరం కాబట్టి నమ్మింది. మిగిలిన ఏడు మాత్రలూ కొంగున ముడివేసుకుంది.

పెట్టెని వదిలేసి జీపు వెళ్ళాక, ఇంట్లో ఇంకో గది లేదు కాబట్టి సూరీడమ్మని లోపల పడుకోబెట్టి, తవుడమ్మ వసారాలో చాప వేసుకుంది. ఊరి చుట్టూ కంచె మర్నాడే వచ్చింది. తవుడమ్మ ఫోన్ పట్టుకుని తనకు తెలిసిన ప్రతి కళాకారుడికీ ఫోన్ చేసింది. బుర్రకథ వాళ్ళకి, తప్పెటగుళ్ళ వాళ్ళకి, భజన గురువులకి. "పెట్టి పట్టుకుపోవడానికి వస్తే మందు అడగండి. మందు ఇయ్యకపోతే పెట్టి ముందు రేడియో పెట్టి మీరు పడుకోండి." నాలుగు రోజుల్లో మూడు జిల్లాల పెట్టెలు ధరవరలూ, వ్యవసాయ సలహాలూ వింటూ కూర్చున్నాయి. మండలి వాళ్ళు ముందు బెదిరించారు, తర్వాత బతిమాలారు, ఆ తర్వాత పెట్టె తీసుకెళ్ళిన చేత్తోనే మందు ఇవ్వడం మొదలుపెట్టారు. అది తాము ముందే అనుకున్న రెండో దశ అని పేపర్లో వేయించుకున్నారు.

సూరీడమ్మకి తొమ్మిదో రోజున రెండు దగ్గులు వచ్చాయి. తవుడమ్మ వసారాలో లేచి కూర్చుని చెవి పెట్టింది. మూడో దగ్గు రాలేదు.

కంచె తీసినప్పుడు వచ్చిన ఆఫీసరు కొత్తవాడు.

"ఆ పిల్ల ఏది?"

"బదిలీ అయిందమ్మా."

"ఏ ఊరు?"

"దూరం" అని కాగితాల్లో తల దూర్చాడు. తవుడమ్మ ఆయన్ని వదిలేసి జీపు దగ్గరికి వెళ్ళింది. లచ్చన్న స్టీరింగు వంకే చూస్తున్నాడు.

"లచ్చన్నా. బదిలీయేనా?"

"బదిలీ ఏటప్పా" అన్నాడు. "ఆలకి మనిషికి ఒకటే ఇస్తారు. రెండోది ఎవలిస్తారు? మీ ఇంటికాడినుంచి ఎల్లిన ఇరవయ్యో రోజున పోనాది. ఊళ్ళు తిరిగే పిల్ల గదా."

తవుడమ్మ వసారాలోకి వచ్చి కూర్చుంది. ఆ రోజు అన్నం తినలేదు. నాకు తెలుసు, ఆ ఊపిరి నాకు వినపడింది, విని ఊరుకున్నాను అని చెల్లెలితో ఒకసారి అంది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఇంకో ఏడాదికి గాలిచీడ తగ్గుముఖం పట్టింది. మండలి మూసేశారు. పెట్టెలకి కేంద్రంతో ఉన్న సంబంధం తెంపేసి, ఊ కొట్టడం మాత్రం ఉండనిచ్చి, జ్ఞాపికగా కళాకారులకే ఉంచుకోమన్నారు. చాలామంది పాత ఇనుముకి వేసేశారు. కొందరు కసిగా రాయిపెట్టి పగలగొట్టారు.

ఆ వేసవిలో రేగివలసలో మళ్ళీ అమ్మవారి సంబరం జరిగింది. పొద్దు వాలకముందే పందిరి నిండిపోయింది. సూరీడమ్మ జముకు చంకలో పెట్టుకుని తీగ సవరించింది. తవుడమ్మ పైట చెంగులోంచి నల్లటి పెట్టె తీసి తన ఎదురుగా, మొదటి వరసలో, చాప మీద పెట్టింది.

"ఇంతమందిమి ఊ కొడతాం గదప్పా, అదెందుకు?" అని ఎవరో నవ్వారు. తవుడమ్మ పెట్టెని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"గట్టు దిగినాది గవిరి, గెడ్డ సూసినాది..."

"ఊఁ" అంది పెట్టె. అలవాటు ప్రకారం తప్పుచోటే. మాట సగంలో ఉండగా. జనం గొల్లుమన్నారు.

తవుడమ్మ ఆగింది. నడుం బిగించి మళ్ళీ మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఎక్కడ ఊపిరి పీల్చేదో అక్కడ పీల్చలేదు. గవిరి కాలు నీళ్ళలో పెట్టినచోట పీల్చింది. బిడ్డ కదిలినచోట పీల్చింది. ఊపిరి చాలక మెడ నరాలు తేలాయి. సూరీడమ్మ కంగారుగా అక్క కనుబొమ్మ వంక చూస్తోంది, అందుకోమని సైగ వస్తుందేమోనని. సైగ రాలేదు. నడుం లోతులో దుఃఖం దగ్గర కాస్త ఆలస్యంగా పీల్చింది, ఊ ఆలస్యంగా వచ్చింది. పీకలోతులో తట్ట ఒరిగినప్పుడు మాట పూర్తికాకముందే పీల్చింది, ఊ తోసుకుంటూ వచ్చింది. పందిట్లో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. పెట్టెతో పాటు వాళ్ళూ ఊ కొడుతున్నారు.

గవిరి తట్ట దించి, బిడ్డ మొహం చూసుకుని, గట్టెక్కింది. తవుడమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"ఊఁ" అంది ఆ పిల్ల.